పూర్తిగా చదివి వినిపించిన ఉత్తరం

జింజ్, బహ్రెయిన్
మే 2, శుక్రవారం

ముత్తెమ్మ వదినకు,

ఒకరి పేరు మీద వచ్చిన ఉత్తరంలో పదిమందికి సంబంధించిన సంగతి ఉంటే, ఆ ఉత్తరం ఎవరిది? వచ్చినవాళ్లదా, పదిమందిదా? పంతొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్నను మోసుకుని తిరుగుతున్నాను. స్కూల్లో పిల్లలకు ప్రాథమిక హక్కుల పాఠం చెప్తూ మధ్యలో ఆగిపోతాను. టీచర్ మర్చిపోయిందనుకుని వాళ్లు పుస్తకంలో లైను చూపిస్తారు. ఎందుకడుగుతున్నానో ఇప్పుడు చెప్పను. చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని.

పార్టీ మాట ఫోన్‌లో ఎత్తొద్దన్నావు కనుక కాగితం మీదే రాస్తున్నాను. పోయిన ఎన్నికల్లో నీ వాయిస్ మెసేజ్‌ను ముక్కలు చేసి మండలమంతా తిప్పిన సంగతి నేనూ మర్చిపోలేదు. ఈ ఉత్తరం సెలవు మీద వస్తున్న రాజా చేతికి ఇస్తున్నాను. నువ్వు పంపిన చింతకాయ తొక్కులో సగం మన మేస్త్రీ బాబు ఎత్తుకెళ్లాడు. క్యాంపులో దాచుకుని తింటున్నాడట, అడిగినవాళ్లకు వాసన మాత్రం చూపిస్తున్నాడట.

ఇక అసలు సంగతి. జడ్పీటీసీ ఎన్నికలు వస్తున్నాయి. మన శ్రమజన పార్టీలో టికెట్ ఇచ్చేది నాయకులు కాదు, సభ్యులు. ఊళ్లో వాళ్లు పార్టీ మండల ఆఫీసులో ఓటేస్తారు. గల్ఫ్ మొత్తంలో మనకు సభ్యులున్నది ఇక్కడే, అరవై ఒక్కమంది. వీళ్లు చీటీ మీద పేరు రాసి, సీలు వేసిన కవరులో పంపిస్తారు. ఆ కవరు బాధ్యత నాది. ఈసారి పేర్లు రెండే. నీది, పరమేశ్‌ది.

అన్నను ఇక్కడికి పంపిన ఏజెంటు పరమేశే అని నేను మర్చిపోలేదు. ఫ్రీ వీసా, ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు అన్నాడు. వీసా ఇచ్చిన యజమాని, అదే ఆ కఫీల్ మొహం కూడా అన్న చూడలేదు. కాగితాలు లేని మనిషై, ఇక్కడివాళ్లు ఖల్లివెల్లి అంటారే, అలా దొంగచాటుగా పని చేసుకుంటూ ఎనిమిది నెలలకే సనాబిస్‌లో ఒక గదిలో నిద్రలో పోయాడు. నా స్కూల్ బస్సు రోజూ ఆ సందు ముందు నుంచే పోతుంది. ఇన్నేళ్లలో నేనొక్కసారీ అటు తల తిప్పలేదు.

అయినా రాయక తప్పదు. పరమేశ్ ఆ పని మానేసి పదేళ్లయింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి శవాలు తేవడానికి అంబులెన్స్ పెట్టాడు. మూడు మండలాల్లో వాడి మాట నడుస్తుంది. నువ్వు రెండుసార్లు నిలబడ్డావు. మొదటిసారి పదకొండు వందల నలభై ఓట్లు, రెండోసారి తొమ్మిది వందల డెబ్బై. నువ్వు గెలవవని అనడం లేదు, అని రాయబోయి కొట్టేశాను. గెలవవనే అంటున్నాను వదినా. ఇంకా మెత్తగా అనడం నాకు చేతకావడం లేదు. ఒక్క సీటు, ఒక్కటంటే ఒక్కటి గెలిస్తే, కలెక్టర్ ముందు కూర్చుని గల్ఫ్ కుటుంబాల గురించి అడిగే మనిషి మనకంటూ ఒకడుంటాడు.

మే 23న సాయంత్రం జల్లాఖ్ బీచ్‌లో కలుస్తున్నాం. ఇక్కడ సభ అనే మాట వాడం, వనభోజనం అంటాం. అభ్యర్థి రాసిన ఉత్తరాన్ని సభ్యులకు పూర్తిగా, ఒక్క అక్షరం తగ్గించకుండా చదివి వినిపించాలన్న నియమం నీకు తెలుసు. అప్పటికి అందేలా రాసి పంపు. లేదంటే, తప్పుకుంటున్నానని నాలుగు లైన్లు రాసినా చాలు. నిన్నెవరూ ఏమీ అనరు.

ఎండలు ముదిరాయి. చెప్పులు వేసుకుని తిరుగు.

నీ ఆడబిడ్డ
జమున


మన ఇంటికాడికెళ్లి
మే 13

జమునా,

మంచిగున్నవా. నేను గూడ ఉన్న. రాజా నిన్న పొద్దుగూకంగ అచ్చి నీ కాగితం ఇచ్చి, చాయ గూడ తాగకుంట పోయిండు. పరమేశ్ మనిషి ఎవలన్న సూస్తరని భయం గావచ్చు.

ఉత్తరం ఎవలదని అడిగినవ్. ఎవల పేరు మీదుంటే వాళ్లది. గింతదానికి యూనివర్సిటీల సదువుడెందుకు, మా పోస్టుమన్‌ను అడిగినా చెప్తడు.

ఇగ నన్ను తప్పుకొమ్మంటున్నవ్. తిట్టాల్నో నవ్వాల్నో తెలుస్తలేదు. నాకు గీ పట్టు నేర్పిందెవలు? మీ అన్న దినాలైన పదొద్దులకు మా వాకిట్ల పీటేసుకొని కూసొని, “వదినా, ఓడిపోతే మళ్లీ నిలబడొచ్చు, ఒకసారి వంగితే మాత్రం మళ్లీ లేవలేం” అన్నది నువ్వు గాదా. నేను పదో తరగతి తప్పినదాన్ని. గప్పుడు సగమే సమజైంది. కాని పట్టుకున్న. ఇయ్యాల ఆ పట్టు ఇడువుమని నువ్వే రాస్తున్నవ్, ఏసీల కూసొని. నీకు ఎండలు ముదిరినయట.

పరమేశ్ అంబులెన్స్ పెట్టిండంటవ్. శవాలను తయారు చేసినోడే శవాలను మోస్తే గొప్పోడైతడా. ఆ బండి మీద వాని ఫోటో సూసినవా? లోపట పండుకున్నోని మొకం కన్న పెద్దగుంటది.

ఈడ నాకు నూట నలభై ఓట్లు, వానికి నూట డెబ్బై అనుకుంటున్నరు. నీ దగ్గరున్న అరవై ఒక్కటే తేలుస్తయి. అవి నాయే అనుకుంటున్న.

మందికి గిట్ల చెప్పు. తమ్ములారా, అన్నలారా, ముత్తెమ్మ గల్ఫ్ నుంచి నలభై ఏడు శవాల పెట్టెలు తెప్పిచ్చింది. ఒక్కో పెట్టె కోసం ఎంబసీకి, ఢిల్లీకి, కఫీల్‌కు ఎన్ని కాగితాలు రాసిందో ఆమెకే తెలుసు. ఎవ్వలింట్ల ఓ గ్లాసు చాయ గూడ ఆశించలే. గెలిచినంక ఎవలకో అమ్ముడువోయే మనిషి గాదు. మీరు పెట్టెల రావద్దనే నేను నిలబడుతున్న. పెట్టె మోసే బండి కోసం గాదు, పెట్టె లేకుంట మీరు నడిసొచ్చే దినం కోసం ఓటెయ్యుండ్రి.

నీకొక ముచ్చట. గీ క్యాంపు మొగోళ్ల సంగతి నాకెర్క లేదా. పరమేశ్ ఒక్క సీసా పంపితే అటే తిరుగుతరు. బాబుగాడు సూడు, వాని తమ్ముని పెట్టె కోసం నేను మూడు నెలలు తిరిగిన, చెల్లె పెండ్లికి పిలువనన్న పిలువలే. ముత్తన్న మంచోడే గాని పెండ్లాం లెమ్మంటే లేస్తడు, కూసొమ్మంటే కూసుంటడు. అందరు గొర్లు. దుబాయి పోయిన గొర్లు. అయినా నా గొర్లు, ఏం జేస్త, ఎవ్వలన్న కాయాలె గద.

మందిల ఏది సదువాల్నో, ఏది ఇడువాల్నో నీకు చెప్పేదుందా.

ఈ కాగితం ముఖేష్ అనే పిలగానితోని పంపుతున్న. పక్కూరోడు, కొత్త వీసా, మొన్ననే పెండ్లయింది. ఇమానం ఎక్కుడంటే భయపడుతున్నడు. జర సూసుకో.

నీ వదిన
ముత్తెమ్మ


జింజ్
మే 25

వదినా,

ముఖేష్ నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో, విమానంలో ఇచ్చిన చెంచా జేబులో పెట్టుకుని వచ్చాడు. అది వాళ్ల సామాను కదా, తిరిగిచ్చేద్దామా అని నన్నడిగాడు.

శుక్రవారం జల్లాఖ్‌లో కలిశాం. అందరూ వచ్చారు. వంట కన్నబాబు చేశాడు. అతను సభ్యుడు కాదు, అమలాపురం అవతల ఊరు, ఒక అరబ్బు ఇంట్లో వంటవాడు. నియమాలు చదువుతుంటే గరిటె పట్టుకుని నిలబడి విన్నాడు. “టీచర్‌గారండీ, మీ పార్టీలో మనుషులకన్నా రూల్సే ఎక్కువున్నట్టున్నాయండి” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ముందు పరమేశ్ ఉత్తరం చదివాను. టైపు చేయించి పంపాడు, అరపేజీ. వినేవాళ్లకు నచ్చే మాటలే ఉన్నాయి. తర్వాత నీది తీశాను. “మేడం, యల్లా, జల్ది సదువుండ్రి, ఏడైతే క్యాంపు బస్సు వోతది” అన్నాడు బాబు. చదవడం మొదలుపెట్టాను.

నీ మాటలు బాగున్నాయి వదినా. పెట్టె లేకుండా నడిచొచ్చే రోజు అన్న దగ్గర ముత్తన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. “గెలుస్తదో గెలువదో, ఇసోంటి మనిషికి ఓటెయ్యకపోతే మన మొకం మనం సూసుకోలేం” అన్నాడు బాబు. నిజంగానే అన్నాడు. అంతటితో ఆపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. నీకూ తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఆగాను. పేజీ తిప్పాలి. అక్కడ నువ్వు నాకొక్కదానికే రాసింది మొదలైంది, “నీకొక ముచ్చట” అని. నియమం గుర్తొచ్చింది. ఒక్క అక్షరం తగ్గించకుండా.

చదివాను.

గొర్లు అన్న దగ్గర ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. “ఏమన్నది? ఇంకోసారి సదువుండ్రి” అన్నాడు బాబు. ఇంకోసారి చదివాను. మొదటిసారికన్నా స్పష్టంగానే చదివినట్టున్నాను. “అయినా నా గొర్లు” అన్న మాట కూడా రెండుసార్లూ చదివాను వదినా. అప్పటికి ఎవరూ వినడం లేదు. బాబు ఇసుకలో కూలబడ్డాడు. “మా తమ్ముని పెట్టె అచ్చినంక మా అమ్మ ఆమె కాళ్లు మొక్కింది. గది సాలదన్నట్టు” అన్నాడు. ముత్తన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “నా పెండ్లాం ముచ్చట నిజమే గని, మందిల చెప్పుడేంది” అన్నాడు.

చీటీలు వేశారు. నీకు పంతొమ్మిది. పరమేశ్‌కు నలభై రెండు.

నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. కానీ నేను నియమం తప్పలేదు. రేపు ముత్తన్న సెలవు మీద బయల్దేరుతున్నాడు. కవరు, ఈ ఉత్తరం రెండూ అతని చేతికే ఇస్తున్నాను. వేరే ఎవరి నోటి నుంచో వినేకన్నా నా రాతలో చదువుకుంటావని.

జమున


మన ఇంటికాడికెళ్లి
జూన్ 6

జమునా, నా తల్లీ,

ఆఫీసుల పేర్లు చెప్పిన్రు. పరమేశ్‌కు రెండు వందల పన్నెండు, నాకు నూట యాభై తొమ్మిది. మీ అరవై ఒక్కటిల నాకు పంతొమ్మిదే అచ్చినయట. ముత్తన్న కవరు ఇచ్చి అటెన్కనే తప్పిచ్చుకొని పోయిండు. మా ఇంటి మొకాన రాలే. ఎదురువడితే అత్తగారింటికి పోవాలె అని ఉరికిండు. నువ్వు నాకు కాగితం పంపినవో లేదో తెలువది.

ఏడ్చినవేమో అని నా బాధ. ఏడ్వకు. పరమేశ్ ఆడికి ఏం పంపిండో ఎన్ని పంపిండో, నువ్వొక్క ఆడిదానివి ఏం జేస్తవ్. నువ్వున్నవు గనుకనే పంతొమ్మిదన్న అచ్చినయ్. నా ఎనుకటి పేజీ ముచ్చట మందిల సదువకుంట మంచి పని చేసినవ్. అది రాసినంక రెండు దినాలు నా పానం కొట్టుకున్నది. గొర్లు అని రాస్తినే, ఎవలన్న సూస్తే ఎట్ల అని. మల్ల అనుకున్న, జమున చేతికే గద పోయేది అని.

రెండొద్దులు తలుపు తియ్యలే. మూడోనాడు ఫోనచ్చింది, ఎయిర్‌పోర్టుల ఒక పెట్టె ఉన్నది అని. పోయిన. పరమేశ్ బండే అచ్చింది. అందులనే కూసొని అచ్చిన, ఇంకో బండి లేకుండె. తొవ్వపొంటి వాని ఫోటో పక్కకు నా తలకాయ.

నువ్వు చెప్పు, ఇగ నేనేం జెయ్యాలె. నువ్వెట్ల అంటే గట్ల. రాజా ఎల్లుండి మల్ల పోతుండు, ఈ కాగితం వాని చేతికే.

నీ వదిన
ముత్తెమ్మ


జింజ్
జూన్ 14

వదినా,

నీ ఉత్తరం అందింది. అవును, ఏడ్చాను.

ముత్తన్నకు ఒక చిన్న కాగితం ఇచ్చాను. అందులో పెద్దగా ఏమీ లేదు, ఓట్ల లెక్కే. అందకపోయినా ఫర్వాలేదు.

ఏం చెయ్యాలో చెప్పమన్నావు. పార్టీ కోసం నాలుగు ఊళ్లు తిరుగు. నువ్వు పరమేశ్ పక్కన నిలబడితే మనవాళ్లు చీలిపోరు. నీకది ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నీ తర్వాత వచ్చేవాళ్ల కోసం చెయ్యి. గెలిచిన మనిషిని అదుపులో పెట్టడానికి ఓడిన మంచి మనిషి పక్కనే ఉండాలి కదా.

ఇక్కడ ఒక చెడ్డ వార్త. ముఖేష్ డ్యూటీలో రెండో అంతస్తు నుంచి పడ్డాడు. ప్రాణం ఉంది. నడుము కింద చలనం లేదు. కంపెనీ కాగితాలు ఇవ్వదు, ఆసుపత్రి పంపదు. నీకు తెలిసిన దారుల్లో ఉత్తరాలు రాయి.

చేపలమ్మే లక్ష్మీదుర్గక్క నీకు నమస్తే చెప్పమంది. పోయినేడు నువ్వు ఫోన్‌లో చెప్పిన కీళ్లనొప్పుల మందు పనిచేసిందట.

నీ
జమున


మన ఇంటికాడికెళ్లి
ఆగస్టు 5

జమునకు,

ముత్తన్న మొన్న అచ్చిండు. రెండు నెలల సంది సంచిల పెట్టుకొని తిరిగిన కాగితం నా ముందట వెట్టిండు. “అక్కా, నిన్ను సూస్తే సిగ్గయ్యి ఇయ్యలే. రేపు మల్ల బహ్రెయిన్ పోతున్న, ఇగ ఇయ్యకుంట పోతే పాపం” అన్నడు. వాడే సదివి వినిపిస్త అన్నడు. వద్దన్న. ఒకలు సదివితే ఏమైతదో ఎర్కయింది గద.

నీ రెండు కాగితాలు పక్కపక్కన వెట్టుకున్న. మే నెలది, జూన్ నెలది. ఒకదాంట్ల రెండుసార్లు సదివిన అని ఉన్నది. ఇంకోదాంట్ల పెద్దగ ఏం లేదు అని ఉన్నది. రాత ఒక్కటే. గుండ్రంగ, మంచిగ, టీచరమ్మ రాత.

నువ్వు చెప్పినవని నాలుగూళ్లు గాదు, పదకొండూళ్లు తిరిగిన. మీ అన్నకు దొంగ వీసా ఇచ్చినోని పక్కన నిలబడి, నా మొకం సూసి ఓటెయ్యుండ్రి అన్న. మన కైకిలి చేసుకునే కూలోళ్లు, పెట్టెలచ్చిన ఇండ్లోళ్లు, వాని మీద ఉమ్మేసేటోళ్లు గూడ నా మాట మీద ఏసిన్రు. పద్దెనిమిది వందల మెజార్టీతోని గెలిచిండు. నాలుగో దినం హైదరాబాద్ పోయి వేరే కండువా కప్పుకున్నడు. నియోజకవర్గం అభివృద్ధి కోసమట. ఇప్పుడు ఆ ఇండ్ల ముందట కెళ్లి నడువాల్నంటే నేను తల కిందికి ఏసుకుంటున్న. ఒక ముసలామె నన్ను ఆపి, “నీ మొకం సూసే ఏసిన బిడ్డా” అన్నది. తిట్టలే. తిడితే బాగుండు.

ముఖేష్ కోసం పన్నెండు ఉత్తరాలు రాసిన. ఒక్కదానికి జవాబు లేదు. ఓడినదాని ఉత్తరానికి ఎవలు జవాబు రాస్తరు.

ఇగ అసలుది. మే నెలల నన్నొకటి అడిగినవ్. ఉత్తరం ఎవలది అని. నేను నవ్వులాటకు పోస్టుమన్‌ను అడుగుమన్న. నువ్వు ఏ ఉత్తరం గురించి అడిగినవో నాకు అప్పుడే ఎర్క. పంతొమ్మిదేండ్ల సంది ఎర్క. మీ అన్న ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కేటప్పుడు కిటికిల నుంచి చెప్పిండు. “ఇసుక లారీల జగ్గారావు తోని నేను చేసుకున్న ఒప్పందం జమునకు ఒక్కదానికే రాసిన. అదేమో దాన్ని పార్టీ కమిటీల లేచి సదివింది. చిన్నపిల్ల, ఏమనకు” అన్నడు. ఎంపీటీసీకి నిలవెట్టిన మనిషిని మందిల దొంగను చేసి తీసేసిన్రు. సిగ్గుతోని దేశం ఇడిసిండు. తెచ్చింది పరమేశ్ వీసానే గాని, బస్సెక్కిచ్చింది నీ సదువు. నేను ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్న. చిన్నపిల్ల అన్నడు గద అని.

ఇప్పుడు నీకు నలభై నాలుగు. ఇంకెంత పెద్దగైతవ్.

మీ ఇంట్ల నీకు ఉత్తరం రాసినోళ్లు ఇద్దరే. ఇద్దర్నీ సదివి పారేసినవ్. ఒకన్ని నీతి కోసం, ఒకదాన్ని గెలుపు కోసం. నీతి మారింది గాని నీ గొంతు మారలే.

మీ అన్న ఉత్తరం నీ దగ్గర్నే ఉన్నది. ఉంటది, నువ్వు కాగితాలు పారేసే మనిషివి గావు. నాకు పంపు. నువ్వు మందిల సదివినట్టే నేను గూడ పూర్తిగ సదువుత. దాని మీద హక్కు నాది.

నాకు ఇంకేం రాయకు.

ముత్తెమ్మ


జింజ్
ఆగస్టు 24

వదినా,

రాయొద్దన్నావు. ఉత్తరం పంపమన్నావు. ఒకటి చెయ్యాలంటే రెండోది చెయ్యక తప్పదు, ఎందుకో చెప్తాను.

నువ్వు రాసిన ప్రతి మాటా ఒప్పుకుంటున్నాను, ఒక్కటి తప్ప. అన్న ఉత్తరాన్ని నేను పూర్తిగా చదవలేదు.

ఆ రోజు కమిటీలో పదిహేడు మంది ఉన్నారు. అన్న వెనక వరుసలో కూర్చున్నాడు. నేను హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి నేరుగా సభకే వెళ్లాను. ఎం.ఏ. రెండో ఏడు, ప్రపంచంలో తప్పు, ఒప్పు రెండే ఉండేవి. లేచి చదివాను. జగ్గారావు తన మనిషిని పోటీకి పెట్టడని, బదులుగా వాగులో అతని ఇసుక లారీల గురించి పార్టీ నోరెత్తదని, గెలిచాక పది మంచి పనులు చేయొచ్చని, ఎవరికీ చెప్పొద్దని. అదంతా చదివాను. రెండో పేజీలో కింది నుంచి నాలుగో లైను దగ్గర ఆగి, రెండు లైన్లు వదిలేసి, చివరి మాట చదివి కూర్చున్నాను. అన్న తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో నా మీద కోపం లేదు. ఆ రెండు లైన్లు వదిలినందుకు దండం పెట్టినట్టుగా ఉంది. నీకు కిటికీలోంచి చెప్పినప్పుడు అది చెప్పలేదన్నమాట.

ఆ రెండు లైన్లు ఇవి, అన్న రాసినట్టే రాస్తున్నాను. “ఈ మాట జగ్గారావు దాక మోసింది ముత్తెమ్మనే. వాళ్ల మేనమామ ఆ ఇంట్ల జీతం ఉంటడు గద. నేను వద్దంటే ఇనకుంట, ఒక్కసారన్న గెలువు, ఓడుడు సూడలేను అని రెండు దినాలు ఏడ్చింది.”

ఇన్నేళ్లూ నేను దీన్ని ఎవరితోనూ అనలేదు. నీతో కూడా. నువ్వు వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టినప్పుడు, వంగితే లేవలేం అని నేను చెప్తుంటే నువ్వు తల వంచుకుని విన్నావు. దుఃఖమనుకున్నాను. ఆ తర్వాత నీ పట్టు చూసి అందరూ మెచ్చుకుంటుంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని. ఆ మరుసటేడే, ఉత్తరాలు పూర్తిగా చదవాలన్న నియమం పెట్టమని పార్టీకి రాసింది నేనే. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను మళ్లీ ఎవరి కోసమూ రెండు లైన్లు మింగకుండా ఉండాలని. ఇప్పుడా నియమానికి నువ్వు దొరికావు.

ముఖేష్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. రేపు పంపిస్తున్నారు, స్ట్రెచర్ మీద. పరమేశ్ కొత్త పార్టీ వాళ్లతో ఫోన్ చేయించాడు. ఒక్క ఫోన్. రెండు రోజుల్లో కంపెనీ కాగితాలిచ్చింది. నీ పన్నెండు ఉత్తరాల నకళ్లు ఆసుపత్రి ఫైల్లో ఉన్నాయి, నేను చూశాను. వాటి మీద ఎవరూ సంతకం కూడా పెట్టలేదు. ముఖేష్ తల్లి పరమేశ్ ఫోటోకు దండ వేస్తానంటోందట. బతికున్నవాళ్లకు వెయ్యరని ఎవరైనా చెప్పాలి. వాడు అమ్ముడుపోయాడన్నది నిజం, వాడు అమ్ముడుపోకపోతే ఆ పిల్లవాడు ఇంకా ఇక్కడే పడి ఉండేవాడన్నదీ నిజం. స్కూల్లో ఈ రెండింటినీ ఒకే పాఠంగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

తోడుగా బాబు వస్తున్నాడు. ఈ కవరు అతని చేతికే ఇవ్వాలి. నిన్న అడిగితే, “గొర్రె చేతికేనా మేడం” అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. అయినా తీసుకెళ్తానన్నాడు. నీ ఇంటి ముందుదాకా వస్తాడట, లోపలికి రాడట.

అన్న ఉత్తరం ఇందులో పెట్టాను. నేను గీసిన గీత కానీ గుర్తు కానీ దాని మీద లేదు. మడతల దగ్గర చిరుగుతోంది, నెమ్మదిగా విప్పు.

జల్లాఖ్‌లో పేజీ తిప్పింది నియమం కోసమేనా, నువ్వు ఓడిపోవాలనా? రెండోసారి అంత స్పష్టంగా ఎందుకు చదివాను? నిజాయితీగా చెప్పాలంటే నాకు తెలియదు. ఆ రోజు ఆ రెండు లైన్లు దాచింది నీ మీద ప్రేమతోనా, దొంగ ఒక్కడే అయితే తీర్మానం తేలికవుతుందనా, అదీ తెలియదు. ఇప్పుడు పంపుతున్నది నువ్వడిగావనా, నీ పోయిన ఉత్తరం నన్ను కొట్టిన చోటనే నిన్ను కొట్టాలనా? ఈ పొద్దుటి నుంచి కవరు మూడుసార్లు అంటించి మూడుసార్లు విప్పాను. బాబు కింద నిలబడి ఉన్నాడు. ఇస్తున్నాను. ఇవ్వడం తప్పో, ఇవ్వకపోవడం తప్పో తేల్చుకోలేకపోయాను వదినా, తేల్చుకోకుండానే ఇస్తున్నాను.

జమున